ఒంటుడు, మిట్టుడు: వ్యసనవిముక్తిలో ‘తోడు’ భావన

‘స్పాన్సర్’ అనగానే తెలుగువారికి ఖర్చు భరించే దాత స్ఫురిస్తాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాడుకలో దాని అర్థం వేరు. తాను తాగుడు మాని నిలబడి, మానాలనుకొనే కొత్తవానికి తోడుండేవాడే అక్కడి స్పాన్సర్. దీని మూలం 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఉంది. వ్యాపారపు పని చెడిన బిల్ విల్సన్, మళ్లీ తాగుతానేమోనన్న భయంతో మరొక తాగుబోతు కోసం వెతికాడు. అలా కలిసినవాడు శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్. విల్సన్ వెతికింది ఎదుటివానిని ఉద్ధరించడానికి మాత్రమే కాదు, తాను నిలబడటానికి కూడా. ఈ సంబంధంలోని కీలకం ఇదే.

మన పరివర్తన కథల్లో ఈ పరస్పరత అరుదు. వేమనను గురించిన జనశ్రుతిలో మరిదిని దారికి తెచ్చేది ఏ మచ్చా లేని వదిన. లీలాశుకుని కథలోని చింతామణి ఆ లోకానికి చెందినదే అయినా, ఒక్క మందలింపుతో ఆమె పాత్ర దాదాపు ముగుస్తుంది. వాల్మీకి పూర్వకథలో బోయవాని పాపంలో పాలు పంచుకోవడానికి ఇంటివారు నిరాకరిస్తారు. దారి చూపేవారు ఋషులు.

కడప జిల్లా ఒంటిమిట్ట స్థలకథ ఇందుకు భిన్నం. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు దోపిడీ మాని రామసేవకులయ్యారనీ, కోదండరామాలయ నిర్మాణానికి కారకులయ్యారనీ ఐతిహ్యం. ఇక్కడ పాపంలో పాలుపంచుకున్నవాడే పరివర్తనలోనూ తోడయ్యాడు. ఊరి పేరుకు ఒంటరి మిట్ట అన్న వ్యుత్పత్తి కూడా ఉంది. భాషాదృష్ట్యా నాకు అదే సహజమనిపిస్తుంది. అయితే ‘ఒంటి’ అన్న మాటలోనే జనం ఇద్దరు మనుషులను చూడటం విశేషం. ఈ కథను భక్తికథగా మాత్రమే చదివినప్పుడు ఈ అంశం మరుగున పడుతుంది.

పోలికకు హద్దులూ ఉన్నాయి. స్పాన్సర్ ముందుగా మానినవాడు. ఈ ఇద్దరూ కలిసి మారినవారు. స్పాన్సర్‌ను ‘గురువు’ అని అనువదిస్తే తారతమ్యం చొరబడుతుంది. ‘తోడు’ అన్న మాట నయం. కాని అందులో అనుభవం వల్ల వచ్చిన ముందడుగు వినిపించదు. ఇంకొక ఇబ్బంది ఐతిహ్యంలోనే ఉంది. గుడి పూర్తయ్యాక ఇద్దరూ ప్రాణత్యాగం చేశారన్న కథనం వారిని శాశ్వతంగా మారినవారిగా నిలుపుతుంది. తాగుడు మానినవానికి అటువంటి నిశ్చింత లేదు. అతని లెక్క రోజువారీది. దోపిడీ మానిన నాటికీ గుడి లేచిన నాటికీ నడుమ ఒకడు మళ్లీ దారికాయడానికి బయలుదేరితే రెండవవాడు ఆపాడా, వెంట నడిచాడా అన్నది స్థలకథ చెప్పలేదు.