దీక్షా విరమణ తరువాత

దీక్ష అన్న మాటకు మన సమాజంలో గౌరవం ఎక్కువ, విచారణ తక్కువ. భక్తులు దాన్ని పరమ పవిత్రమని కళ్లకద్దుకుంటారు. అభ్యుదయవాదులమైన మనం మూఢాచారమని ఒక్క మాటతో తీసిపారేస్తాం. ఇద్దరమూ దాన్ని పరిశీలించడం మానివేశామనే చెప్పాలి.

నేను కాపురముంటున్న సెంటినరీ కాలనీ బొగ్గుగని కార్మికుల కాలనీ. కార్తీకమాసం వచ్చిందంటే ఇక్కడ మొదటి షిఫ్టుకు పోయేవారిలో నల్లబట్టలు కనిపించని రోజుండదు. గురుస్వామి మెడలో మాల వేసిన క్షణం నుంచి మనిషికి పేరు పోతుంది, కులం మరుగవుతుంది, 'స్వామి' ఒక్కటే మిగులుతుంది. చన్నీటి స్నానం, నేలమీద పడక, మద్యమాంసాల విసర్జన. మండల కాలం, అనగా 41 రోజులు, పర్మినెంటు కార్మికుడూ కాంట్రాక్టు కార్మికుడూ ఒకే పంక్తిలో కూర్చుని భిక్ష చేస్తారు.

నా విద్యార్థి ఒకడు కాంట్రాక్టు కార్మికుని కొడుకు. నిరుడు నన్నొక ప్రశ్న అడిగాడు: "సార్, మాలల ఉన్నన్ని దినాలు మా నాయినను అందరు స్వామీ అన్నరు. మాల తీసినంక మళ్ల అరేయ్ అంటున్నరు. గిందుల ఏది నిజం?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ఇటువంటి కర్మకాండలలో మూడు దశలున్నవని ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లోనే చూపించాడు: పాత జీవితం నుంచి వేరుపడటం, నడిమి స్థితి, తిరిగి సమాజంలో చేరడం. ఆ నడిమి స్థితిలో హెచ్చుతగ్గులు కరిగి మనుషులు సమానులవుతారని 1969లో విక్టర్ టర్నర్ వివరించాడు. అయితే చేరే సమాజం ఎటువంటిదన్న దానిమీదనే దీక్ష విలువ ఆధారపడుతుంది. ఉపనయనం కూడా రెండో పుట్టుకే. కాని ఆ పుట్టుకతో వటువు ప్రవేశించేది వర్ణవ్యవస్థలోకే. శూద్రులకూ స్త్రీలకూ ఆ ద్వారం గోడగానే నిలిచింది.

ఈ గోడను మన సాహిత్యంలో బలంగా కొట్టినవాడు పాల్కురికి సోమనాథుడు. బసవపురాణంలో లింగధారణకు విరమణ దినం లేదు. లింగం ధరించినవాని పూర్వకులం అడగడమే అక్కడ దోషం. చర్మకారుడైన మాదార చెన్నయ్య అంబలిని శివుడే ఆరగిస్తాడు. మార్గకవితను కాదని జాను తెనుగులో, ద్విపదలో ఈ కథలు చెప్పడం కూడా ఆ దీక్షలో భాగమేనని నా అభిప్రాయం. ఐనా చరిత్ర నిర్దాక్షిణ్యమైనది. కులాన్ని కాదన్న వీరశైవమే కాలక్రమాన మరికొన్ని కులాలుగా గట్టిపడింది. భూమీ వృత్తీ పాత చేతులలోనే ఉండగా మెడలోని గుర్తు ఒక్కటే సమాజాన్ని మార్చజాలదు.

1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ లక్షలాది జనంతో కలిసి బౌద్ధదీక్ష స్వీకరించినప్పుడు 22 ప్రతిజ్ఞలు చేయించాడు. అవి నిత్యజీవితానికి సంబంధించినవి. వాటికి గడువు లేదు. మనుషులందరూ సమానులన్న నమ్మకం వాటిలో ఒకటి.

ఇక మండల దీక్షలో మరొక లోపం కంటబడదు. మాల భర్తది, చాకిరీ భార్యది. తెల్లవారుజామున లేచి వంట చేసేదీ, మడి కాపాడేదీ ఆమే. బహిష్టు రోజులలో ఆ ఇంట్లోనే దూరంగా ఉండవలసినదీ ఆమే. శబరిమలలో 10 నుంచి 50 ఏళ్ల స్త్రీల నిషేధాన్ని 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు లేచిన ఆగ్రహాన్ని చూశాం గదా! సమానత్వం ఆ పంక్తిలో సగం మందికే వడ్డించబడింది.

అలాగని ఆ 41 రోజులు బూటకమని నేననను. గని లోపల పైకప్పు కూలితే అది కులం అడగదు. అక్కడ పక్కవాని మీద ప్రాణం పెట్టుకుని పనిచేసే మనుషులకు సమానత్వం కొత్త కాదు. పైకి వచ్చాక అది నిలవడం లేదు, అంతే. మాల ఆ ఆకలిని కొన్నాళ్లు తీరుస్తున్నది. సంఘాలు ఏడాది పొడుగునా తీర్చవలసిన ఆకలి అది. మన సంఘాలలోనే కాంట్రాక్టు కార్మికుడు వెనుక వరుసలో నిలబడుతుంటే, ఆ మాలను ఎగతాళి చేసే అర్హత మనకెక్కడిది?

నా విద్యార్థికి ఇప్పుడు జవాబు చెప్పగలను. 'స్వామీ' అన్నదీ నిజమే, 'అరేయ్' అన్నదీ నిజమే. మొదటిది మనుషుల కోరిక, రెండోది వారి వ్యవస్థ. విరమణ మరునాడు కూడా మొదటి పిలుపు నిలిచేట్టు చేయడమే మనం పట్టవలసిన దీక్ష.