బడిపిల్లల కవిత్వం: సంభాషణ ఎవరితో?

పిల్లలచేత కవిత్వం రాయించే పద్ధతుల మీద చర్చ వస్తే కెన్నెత్ కోక్ పేరు రాక తప్పదు. ఈ అమెరికన్ కవి 1968లో న్యూయార్కులోని 61వ నంబరు ప్రభుత్వ బడిలో పాఠాలు మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని 1970లో 'విషెస్, లైస్ అండ్ డ్రీమ్స్' అనే పుస్తకంగా తెచ్చాడు. మొదటి పాఠం చాలా తేలిక. ప్రతి ఒక్కరూ తమ కోరికను ఒక వాక్యంలో రాయాలి. టీచరు ఆ కాగితాలన్నీ కలిపి ఒకే పద్యంగా చదువుతాడు. ప్రాస అక్కర్లేదు, అక్షరదోషాల పట్టింపు లేదు. పోర్టోరికో పిల్లలు తమ స్పానిష్ మాటలు వాడుకోవచ్చు.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఉంది. ఎర్రసిరా పక్కన పెట్టగానే వెనకబెంచీ నోరు విప్పుతుంది. ఇంటిమాటకు బడిలో చోటు దొరకటం వాడపిల్లలకు చిన్న సంగతేం కాదు. 'అట్ల అనగూడదు' అని విని విని నోరు మూసుకున్న తరాలు మనవి.

పేచీ ఎక్కడంటే, కాగితాలు కలిపేశాక ఏ కోరిక ఎవరిదో తెలీదు. పేరు లేకపోవటం బిడియస్తులకు రక్షణే, కాదనలేం. కానీ మన తరగతిలో ఒకరు సైకిలు కోరుకుంటారు, ఇంకొకరు మంచినీళ్ల కుండ ముట్టుకోనిస్తే చాలనుకుంటారు. రెండూ పక్కపక్కన చదివి చప్పట్లు కొడితే అది సంభాషణ ఎట్లవుతుంది? 'ఎవరు ముట్టుకోనియ్యట్లేదు?' అని ఎవరో ఒకరు అడగాలి గద. కోక్ తర్వాత విడివిడిగా, పేర్లతోనే రాయించాడు గానీ అప్పుడూ అంశం ఇచ్చింది టీచరే.

అదే 1970లో నల్లకవయిత్రి జూన్ జోర్డన్, టెర్రీ బుష్ కలిసి 'ద వాయిస్ ఆఫ్ ద చిల్డ్రన్' తెచ్చారు. అందులో నల్ల, పోర్టోరికో పిల్లలు తాము బతికే బతుకునే రాశారు.

మనకు అంతకన్నా పాత సాక్ష్యముంది. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో మాంగ్, మహార్‌ల దుఃఖం గురించి రాసింది. అది కవిత కాదు, వ్యాసం. అయినా బ్రాహ్మణ పండితులను సూటిగా నిలదీసింది.

కనక మన టీచర్లు ఇంకో మెట్టు ఎక్కాలి. చదివిన వాక్యానికి తోటిపిల్లలచేత జవాబు రాయించాలి. వాడపిల్ల వాక్యానికి ఊరిపిల్లవాడు, అతని వాక్యానికి ఆమె. పేరు చెప్పాలా వద్దా అన్నది రాసినవాళ్లే తేల్చుకోవాలి. జవాబులో వెక్కిరింపు వస్తే టీచరు వాడపిల్ల పక్షాన నిలబడాలి. ఆ ధైర్యం లేనిచోట పిల్లల కవిత్వం స్కూలు వార్షికోత్సవంలో చదివించటానికి తప్ప దేనికీ పనికిరాదు.