ఆగిపోయిన కంప్యూటర్‌ను ప్రశ్నించే బటన్: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రస్తావన

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్ పెళ్లి శుభలేఖల ముద్రణకు పేరున్న చోటు. అక్కడ ఒక డి.టి.పి. ఆపరేటర్ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో శుభలేఖ కూర్చుతున్నాడనుకుందాం. మధ్యలో కంప్యూటర్ హ్యాంగ్ అయింది. మౌస్ కదలదు, కీబోర్డు పనిచేయదు. ఇక అతడు పవర్ బటన్ నొక్కి పట్టుకోవలసిందే. యంత్రం మళ్లీ మొదలవుతుంది కాని, సేవ్ చేయని పని పోతుంది. యంత్రం ఎందుకు ఆగిందో చెప్పే ఆధారం కూడా పోతుంది. ఆధారం లేనప్పుడు మరమ్మతు ఊహ మీద సాగుతుంది: ఒకరు ర్యామ్ మార్చమంటారు, మరొకరు విండోస్ మళ్లీ వేయమంటారు. ఖర్చు మాత్రం యజమానిదే.

ఈ రెండో నష్టాన్ని తప్పించడానికే కొన్ని యంత్రాలకు ఇంటరప్ట్ బటన్ అమర్చారు. దాని మూడు రూపాలను ఇక్కడ పరిశీలిద్దాం.

2. విమర్శకు ప్రమాణాలు

రీసెట్ బటన్ ప్రాసెసర్‌ను మొదటి స్థితికి తెస్తుంది. ఇంటరప్ట్ బటన్ నొక్కితే ప్రాసెసర్ తాను చేస్తున్న పనిని ఆపి, ఎక్కడ ఆగిందో స్టాక్‌లో భద్రపరచి, మరో ప్రోగ్రాంకు అదుపు అప్పగిస్తుంది. మెమరీలోని సమాచారం దాదాపుగా అలాగే ఉంటుంది. కాబట్టి ఇటువంటి బటన్‌ను మూడు ప్రశ్నలతో అంచనా వేయవచ్చు:

(1) నడుస్తున్న ప్రోగ్రాం అడ్డుకున్నా సంకేతం పనిచేస్తుందా?
(2) సంకేతం అందాక జవాబు చెప్పే డీబగ్గర్ సిద్ధంగా ఉందా?
(3) యంత్రాన్ని వాడే మనిషికి ఆ బటన్ అందుబాటులో ఉందా?

3. మూడు రూపాలు

3.1 ఇంటెల్ ఎస్.డి.కె.-85 కిట్: 8085 ప్రాసెసర్‌ను నేర్పే ఈ కిట్‌లో రీసెట్ కీతోపాటు వెక్టర్ ఇంటరప్ట్ కీ కూడా ఉంది. అది ఆర్.ఎస్.టి. 7.5 సంకేతాన్ని పంపుతుంది. ప్రోగ్రాంలో డి.ఐ. ఆదేశం ఉంటే ఆ సంకేతం పనిచేయదు. నిరోధించలేని ట్రాప్ సంకేతం 8085లో ఉంది. కాని ఈ కిట్ దానిని సింగిల్ స్టెప్ పనికి కేటాయించింది. పైగా జవాబిచ్చే రొటీన్‌ను విద్యార్థే రాసుకోవాలి. కీ చేతికి అందుతుంది కాని, మొదటి రెండు ప్రశ్నల దగ్గర కిట్ తడబడుతుంది.

3.2 యాపిల్ మెకింటాష్: 1984లో వచ్చిన ఈ యంత్రంతో ‘ప్రోగ్రామర్స్ స్విచ్’ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కను ఇచ్చేవారు. దానిని ఎడమవైపు గాలి సందుల్లో బిగించుకోవాలి. దానిపై రీసెట్, ఇంటరప్ట్ అనే రెండు మీటలు ఉంటాయి. మాక్స్‌బగ్ అనే డీబగ్గర్ ముందే లోడ్ అయి ఉంటే, ఇంటరప్ట్ నొక్కగానే రిజిస్టర్ల విలువలు తెరపై కనిపిస్తాయి. మెమరీలో వెతకవచ్చు, ఆగిన ప్రోగ్రాంను మూసి బయటపడే ప్రయత్నమూ చేయవచ్చు.

ఆలోచన గొప్పదే, అమరికలో లోపాలున్నాయి. ఆధారాన్ని కాపాడే మీటనూ దానిని తుడిచేసే మీటనూ పక్కపక్కనే పెట్టారు. డీబగ్గర్ లేకుండా నొక్కితే తొలి యంత్రాల్లో బాంబు బొమ్మతో దోష సందేశం మాత్రమే వచ్చేది. ఇది మీ కోసం కాదని సాధారణ వాడుకరికి ఆ పేరే చెప్పేది.

3.3 సర్వర్లు: కొన్ని సర్వర్లలో ఎన్.ఎం.ఐ. బటన్ ఉంటుంది. ఎన్.ఎం.ఐ. అంటే నిరోధించలేని ఇంటరప్ట్. తగిన ఏర్పాటు ముందే చేసి ఉంటే, దాన్ని నొక్కినప్పుడు విండోస్ గాని లినక్స్ గాని మెమరీలోని సమాచారాన్ని డిస్కుపై డంప్‌గా రాస్తుంది. తర్వాత నిపుణులు దానిని తీరికగా పరిశీలిస్తారు. మొదటి రెండు ప్రశ్నలకు ఇదే మెరుగైన జవాబు. కాని కొన్నిటిలో ఆ బటన్ పిన్నుతో మాత్రమే నొక్కగలిగే రంధ్రంలో ఉంటుంది. సాధారణ పర్సనల్ కంప్యూటర్లలోనైతే అటువంటి బటనే కనిపించదు.

4. అభ్యంతరాలు, నిర్ణయం

బటన్‌ను దాచడానికి కారణాలు లేకపోలేదు. పొరపాటున నొక్కితే నడుస్తున్న సర్వర్ ఆగిపోతుంది. మెమరీ డంప్‌లో పాస్‌వర్డులు, సొంత ఉత్తరాలు ఉండవచ్చు. విద్యుత్ సరఫరాలోనో ప్రాసెసర్‌లోనో లోపముంటే ఏ ఇంటరప్టూ పనిచేయదు. డంప్ చదవడానికి శిక్షణ కూడా కావాలి.

ఈ అభ్యంతరాలు జాగ్రత్త అవసరమని చెబుతాయే తప్ప బటన్ అనవసరమని చెప్పవు. డంప్‌ను యజమాని పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి అతని యంత్రంలోనే ఉంచవచ్చు. చదవడం రాకపోయినా, చదవగల మెకానిక్ చేతికి దానిని ఇవ్వవచ్చు. యంత్రం ఆగితే కారణం తెలుసుకునే అవకాశం సర్వర్ యజమానికి ఉండి, ఒక్క కంప్యూటర్‌తో బతికే చిన్న దుకాణదారుకు లేకపోవడం ఈ రూపకల్పనలోని అసలు లోపం.

5. సారాంశం

రీసెట్ యంత్రాన్ని నడిపిస్తుంది, ఇంటరప్ట్ కారణాన్ని చూపుతుంది. మంచి ఇంటరప్ట్ బటన్‌కు నిరోధించలేని సంకేతం, సిద్ధంగా ఉన్న డీబగ్గర్, అందుబాటు అనే మూడూ కావాలి. మనం చూసిన రూపాల్లో ఏ ఒక్కదానిలోనూ మూడూ పూర్తిగా లేవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రీసెట్‌కూ ఇంటరప్ట్‌కూ తేడా ఏమిటి?
2. డి.ఐ. ఆదేశం తర్వాత ఆర్.ఎస్.టి. 7.5 ఎందుకు పనిచేయదు? ట్రాప్ ఎందుకు పనిచేస్తుంది?
3. సాధారణ కంప్యూటర్‌కు ఇంటరప్ట్ బటన్ ఉండాలా? మూడు ప్రమాణాల ఆధారంగా చర్చించండి.