మూడుసార్లు పడిన మనిషి

బ్రెజిల్ గాయకుడు షికో బువార్కి 1971లో రాసి పాడిన 'కొన్‌స్త్రుసావ్' (అంటే నిర్మాణం) పాటలో కథ చిన్నది. ఒక తాపీ కూలీ పొద్దున్నే భార్యాబిడ్డలను ముద్దాడి పనికెళతాడు. గోడలు లేపుతాడు, అన్నం, చిక్కుడు గింజలు తింటాడు, పైనుంచి జారి రోడ్డు మీద పడి చచ్చిపోతాడు. ఈ కథనే షికో మూడుసార్లు చెబుతాడు. కొత్త సంగతంటూ చేర్చడు. మూడోసారైతే సగం కూడా చెప్పడు. మారేవి ఎక్కువగా పాదాల చివరి మాటలే.

మొదటిసారి అతను కట్టిన గోడలు గట్టివి. రెండోసారి మాయగోడలు. మూడోసారికి పట్టు సడలిన మెత్తటి గోడలు. చావు కూడా అంతే. మొదట ట్రాఫిక్‌కి అడ్డం, తర్వాత జనానికి అడ్డం, చివరికి శనివారానికే అడ్డం! 'పాపం' అనే మాట పాటలో ఎక్కడా లేదు. ఆ లోటే వినేవాడిని నిలువునా కోస్తుంది.

ఇక పాదాల అల్లిక. పోర్చుగీసులో ఊనిక ఎక్కువగా మాట చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. మూడో అక్షరం మీద పడే మాటలు తక్కువ. షికో మొత్తం 41 పాదాలనూ అలాంటి మాటలతోనే ముగించాడు. అంత్యప్రాస కాదిది, ఊనిక పడ్డాక రెండు తేలిక అక్షరాలు జారిపోతాయి, అంతే. ప్రతి పాదమూ చివర కాలు తప్పుతుంది. యతిప్రాసల లెక్కలు తెలిసిన మనవాళ్లకు ఈ పట్టుదల విలువ వేరే చెప్పక్కర్లేదు. నియమం అలంకారంగా మిగిలిపోకుండా కథలోని ప్రమాదమే అయిపోవడం మాత్రం అరుదు.

షికో 1944లో రియోలో పుట్టాడు. తండ్రి సెర్జియో బువార్కి జి ఒలాండా పేరున్న చరిత్రకారుడు. కొడుకు సావ్ పావ్లోలో ఆర్కిటెక్చర్ చదువు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. సైనిక ప్రభుత్వం 1968 చివర్లో పట్టు బిగించాక కొన్నాళ్లు ఇటలీలో ఉండి, 1970లో తిరిగొచ్చాడు. సెన్సారు కత్తెర అతన్ని వదల్లేదు. మారుపేరుతోనూ పాటలు రాశాడు. నవలలూ రాశాడు; 2019లో పోర్చుగీసు సాహిత్యానికిచ్చే కమోయింస్ పురస్కారం వచ్చింది.

రికార్డులో అతని గొంతు లెక్కలు అప్పజెబుతున్నట్టు సాగుతుంది. ఆవేశమంతా వాద్య సంగీతం కూర్చిన రొజేరియో దుప్రాకు వదిలేశాడు. పాట సాగేకొద్దీ బాకాలు మీదికి వస్తాయి. చివర్లో అదే ఆల్బమ్ మొదటి పాట ముక్క వచ్చి కలుస్తుంది. తిండికీ పడకకీ దేవుడే నీకు బదులిస్తాడని దణ్ణం పెట్టే పాట అది. వింటే శాపనార్థంలా ఉంటుంది.