‘లవకుశ’ (1963): తారాగణం, గానం, విమర్శ

తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రంగా 1963లో విడుదలైన ‘లవకుశ’ను గురించిన ప్రశంస ఎక్కువగా మూడు అంశాల చుట్టూ తిరుగుతూ వచ్చింది: తారాగణం, రంగులు, ప్రజాదరణ. రాముడిగా ఎన్.టి. రామారావు, సీతగా అంజలీదేవి, వాల్మీకిగా నాగయ్య, లక్ష్మణుడిగా కాంతారావు నటించారు. సి. పుల్లయ్య 1934లో ఇదే కథను తెరకెక్కించినందున, రెండు చిత్రాలనూ పోల్చి చూడడమూ పరిపాటి. ఈ కొలమానాలు సరైనవే అయినా, చిత్రంలో సంగీతం నిర్వహించిన పాత్రను పూర్తిగా వివరించలేవు.

ఘంటసాల సంగీత దర్శకత్వంలో పాటలు, పద్యాలు కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. ఇవి కథకు అలంకారాలు కావు, కథను నడిపే సాధనాలు. రాముని వేదనకు పద్యనాటక సంప్రదాయంలోని పద్యం వాహిక అయింది. లవకుశుల గానానికి పి. సుశీల, పి. లీల గళాలు ప్రాణం పోశాయి. ఇంతటి అగ్రతారలున్న చిత్రంలో రామకథను అయోధ్యకు వినిపించే భారం ఇద్దరు బాలనటులపై ఉంది. పరిత్యక్త అయిన తల్లి పక్షాన నగరం ముందు నిలిచిన సాక్ష్యం వారి పాటే. వాల్మీకి ఉత్తరకాండలో రాముడు కుశలవుల గానానికి శ్రోత. భవభూతి ‘ఉత్తరరామచరితం’ ఏడవ అంకంలో తన కథనే నాటకంగా చూసే ప్రేక్షకుడు. పాలకుణ్ణి శ్రోతగా కూర్చోబెట్టే ఈ సంప్రదాయానికి ‘లవకుశ’ చలనచిత్ర వారసురాలు. దీనిని కేవలం భక్తి చిత్రంగా పరిగణిస్తే ఆ సాక్ష్యం మరుగున పడుతుంది.

అయితే ఇదే సంగీతం మరొకచోట ప్రశ్నకు గురి కావలసి ఉంది. ఉత్తరకాండలో సీతను గురించిన అపవాదు పౌరులందరి మాట. దానిని రామునికి నివేదించినవాడు భద్రుడు. రజకుని వృత్తాంతం తరువాతి కథాసంప్రదాయాలలో స్థిరపడింది. చిత్రం ఈ రెండవ మార్గాన్నే ఎంచుకొని, రజక దంపతుల పాత్రలను హాస్యనటులైన రేలంగి, గిరిజలకు అప్పగించి, వారి కలహాన్ని జానపద ధోరణిలో పాటగా మలచింది. పాట రక్తి కట్టింది. కాని లోకమంతటి నింద ఒక శ్రామిక కులపు ఇంటి గొడవగా కుదించుకుపోయింది. రాజధర్మాన్ని నిలదీయవలసిన ఘట్టం నవ్వులో కరిగిపోయింది.

1970లలో వెలువడిన రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రామకథలోని స్త్రీ, శూద్ర ప్రశ్నలను సూటిగా చర్చకు పెట్టింది. ఆ వెలుగులో ‘లవకుశ’ను తిరిగి పరిశీలించడమంటే దాని కీర్తిని తగ్గించడం కాదు. సీత పక్షాన గొంతెత్తిన సంగీతమే రజకుణ్ణి పరిహాస పాత్రుణ్ణి చేసిందన్న వైరుధ్యాన్ని గుర్తించడం. తారల ప్రభను దాటి ఎవరి వేదనకు పద్యం దక్కింది, ఎవరి మాటకు హాస్యగీతం దక్కింది అని అడిగినప్పుడే ఈ చిత్రంపై విమర్శ సమగ్రమవుతుంది.