కోటు కోసం రగ్బీ

నాటకాన్ని సినిమా తీస్తామంటూ స్క్రిప్టు పట్టుకొచ్చే కుర్రాళ్లకు నేను ముందు చూడమనేది 1931 నాటి ఫ్రెంచి కామెడీ ‘లె మిలియన్’. దర్శకుడు రెనె క్లేర్. జార్జ్ బెర్, మార్సెల్ గియెమో కలిసి రాసిన ప్రహసనం దానికి మూలం.

కథ చిన్నదే. పారిస్‌లో మిషెల్ అనే చిత్రకారుడు పీకల్లోతు అప్పుల్లో ఉంటాడు. బాకీ వసూలుకు వచ్చిన కొట్టువాళ్లు మేడమెట్ల మీదే కాపు కాస్తుంటారు. అంతలో అతని టికెట్‌కు లాటరీ తగులుతుంది, పది లక్షల ఫ్లోరిన్లు! టికెట్ ఉన్నది పాత కోటు జేబులో. ఆ కోటును ప్రియురాలు బియాట్రిస్ జాలిపడి, పోలీసుల నుంచి పారిపోతున్న ఓ దొంగకు ఇచ్చేసింది. అతని దగ్గర్నుంచి అది ఒక ఒపేరా గాయకుడికి చేరుతుంది. ఇక అందరూ దాని వెంటే పరుగు.

స్టేజీ మీద ఇలాంటి ప్రహసనాన్ని మాటే లాక్కెళుతుంది. టాకీ కొత్తలో మాట వినబడటమే వింత కాబట్టి చాలామంది నాటకాన్ని తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. మన ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా సురభి వారి నాటకం నుంచి వచ్చిందే. అప్పటికి అదే దారి, తప్పుపట్టలేం.

క్లేర్‌కు మాత్రం టాకీ మీద మొదట్నుంచీ అనుమానమే. 1929లో లండన్‌లో టాకీలు చూసి ఒక వ్యాసం రాశాడు. ‘బ్రాడ్‌వే మెలొడీ’లో ఒక చోటు అతన్ని పట్టేసింది. తెర మీద హీరోయిన్ ముఖం ఒక్కటే ఉంటుంది. తలుపు మూసిన చప్పుడూ, కారు వెళ్లిపోయిన చప్పుడూ వినిపిస్తాయి. కారు కనిపించదు. చెవికి తెలిసిపోయినదాన్ని కంటికి మళ్లీ చూపించనక్కర్లేదన్నమాట.

రెండేళ్లకు అదే పాఠాన్ని నవ్వించడానికి వాడాడు. ఒపేరా థియేటర్లో కోటు కోసం పెనుగులాట. ఒకడు లాక్కుంటాడు, ఇంకొకడికి విసురుతాడు, మరొకడు మీద పడతాడు. మనకు వినిపించేది మాత్రం రగ్బీ ఆటలో విజిలూ, జనం కేకలూ! ఇది రగ్బీలా ఉందని ఎవరూ నోరు విప్పి చెప్పరు.

నాకు ప్రాణమైన ఘట్టం వేరే ఉంది. అలిగిన బియాట్రిస్, మిషెల్ ఒపేరా స్టేజీ మీద సెట్ చాటున ఇరుక్కుపోతారు. తెర లేస్తుంది. వాళ్లకు ఇవతల భారీకాయులైన గాయనీ గాయకులు ప్రేమగీతం అందుకుంటారు. కాసేపటి క్రితం తెర వెనక పోట్లాడుకున్నవాళ్లే వీళ్లు! పైనుంచి పనివాళ్లు పూరేకులు రాలుస్తారు. అంతా కృత్రిమమని మనకు తెలుసు. అయినా ఆ పాటకే ఆ అమ్మాయి మనసు కరుగుతుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు. నాటకంలోనైతే ఆ అలక తీరడానికి రెండు పేజీల సంభాషణ కావాలి. నాటకాన్ని సినిమాగా మార్చడమంటే నా దృష్టిలో ఇదే. డైలాగులు కత్తిరిస్తే సరిపోదు. ఆ డైలాగు చేసే పనిని ఇంకెవరి గొంతుకో, ఏ చప్పుడుకో అప్పగించాలి.

అందుకే స్క్రిప్టు తెచ్చేవాళ్లకు నా విన్నపం ఒకటే. ప్రతి సీను పక్కన ఏం మాట్లాడతారో రాసేముందు ఏం వినిపిస్తుందో రాసుకోండి. అప్పుడు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.