పాత్ర మరణము – ప్రేక్షకుని అభియోగము

లేని మనిషిని ఉరితీయవద్దని ఉన్న మనుషులు ఊరేగింపు తీయడం లోకంలో తరచుగా జరిగే పని కాదు. 1993లో బంగ్లాదేశ్‌లో అది జరిగింది. హుమాయూన్ అహమద్ తన నవలనే నాటకంగా మలచి ఇవ్వగా, బర్కతుల్లా నిర్వహణలో ఆ దేశపు ప్రభుత్వ టెలివిజన్ ప్రసారం చేసిన ‘కోథాఓ కేఉ నేఇ’ అనే ధారావాహికలో బాకేర్ అనే పాత్రకు ఉరిశిక్ష తప్పదని పొడకట్టేసరికి జనం వీథులకెక్కారు. బాకేర్ భాయికి ఏమైనా జరిగితే ఇల్లిల్లూ మండుతుందని నినదించారు. రచయిత చలించలేదు. చివరి భాగంలో ఉరి అమలు జరిగింది.

ఈ ఉదంతాన్ని ఒక వినోదవార్తగా చెప్పుకొని, ‘పామరజనం కల్పనకూ నిజానికీ భేదమెరుగరు’ అని ఒక చిరునవ్వుతో విడిచిపెట్టడం విద్వాంసులకు అలవాటు. నాకది న్యాయంగా తోచదు. ఆ ఊరేగింపులో నడచినవారెవరూ బాకేర్ అనేవాడు ఒక వీథిలో ఒక ఇంటిలో కాపురమున్నాడని భ్రమించలేదు. ఆ వేషం ధరించినవాడు అసదుజ్జమాన్ నూర్ అని వారికి తెలుసు; సంభాషణలు వ్రాసినవాడు ఢాకా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించే ఆచార్యుడని తెలుసు. తెలిసికూడా ఎందుకు నడిచారన్నదే ప్రశ్న. ఇది సాహిత్యానికి సంబంధించిన ప్రశ్నే కాని సంఘంలోని మూఢత్వానికి సంబంధించినది కాదు.

కథ క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. బాకేర్ ఒక పేటలో చిల్లర దాష్టీకం చేస్తూ తిరిగే యువకుడు. కళ్ళకు నల్లద్దాలు, చేతిలో గిరగిర త్రిప్పే గొలుసు, వెంట బది, మజ్ను అనే ఇద్దరు అనుచరులు. టీకొట్టు వద్ద కూర్చుండి 1949 నాటి ‘బర్సాత్’ చిత్రంలోని ఒక హిందీపాటను మళ్ళీ మళ్ళీ పెట్టించుకొని వింటుంటాడు. మునా అనే యువతి మీద అతనికి చెప్పరాని అభిమానం. ఆమె మేనమామ ఇంట పెరిగి, ఉద్యోగం చేసుకొంటూ ఆ ఇంటి బరువు మోస్తున్న మనిషి. పేటలో కుక్కలను పెంచే ఒక సంపన్నురాలి ఇంట సాగే అనాచారాన్ని బాకేర్ ఎదిరిస్తాడు. తరువాత అక్కడ జరిగిన హత్య అతని తలకు చుట్టుకొంటుంది. బెదరింపులకు లొంగిన బది న్యాయస్థానంలో అబద్ధపు సాక్ష్యం చెబుతాడు. నిరపరాధికి ఉరి పడుతుంది.

అనువాదకుడిగా ఇక్కడ ఒక మాట. బాకేరును వంగదేశీయులు ‘మస్తాన్’ అంటారు. దానిని ‘రౌడీ’ అని తెనిగిస్తే భయం మిగిలి ప్రేమ పోతుంది. ‘వస్తాదు’ అంటే తాలింఖానా వాసన వేస్తుంది. పేటవారందరూ అతనిని పిలిచే ‘భాయి’ అన్న మాటలో రెండూ ఉన్నాయి; మన ‘అన్న’లోనూ ఉన్నాయి. ఈ రెండర్థాల సందున నిలబడినవాడు కనుకనే, న్యాయస్థానానికి అతనిలో రౌడీ కనిపించగా ప్రేక్షకులకు అన్న కనిపించాడు. అభియోగం పుట్టింది ఆ తేడాలోనే.

మన లాక్షణికులు ఈ విషయం ఆలోచించకపోలేదు. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగరనిరోధం – వీటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకాదుల ద్వారా సూచించవలెనని భరతుడు విధించాడు. అభ్యుదయం పొందవలసిన నాయకుని వధను సూచనగానైనా చెప్పరాదన్నాడు. దీనిని కేవలం శుభాంతం మీది మోజుగా వ్యాఖ్యానించినవారున్నారు. నాకు అది ప్రేక్షకునికిచ్చిన మాటవలె కనిపిస్తుంది: నీవు ఎవనికై హృదయం తెరచి కూర్చున్నావో వానిని మేము నీ చేతులలో చంపము. భాసుని ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు రంగం మీదనే ప్రాణాలు విడుస్తాడు, ‘ప్రతిమ’లో దశరథుడు విడుస్తాడు; మాట తప్పినప్పుడు ఎంత కారణం చూపవలెనో ఆ మహాకవికి తెలుసు కాబట్టే తొడలు విరిగిన దుర్యోధనునికి అంతటి ఔదార్యం కల్పించాడు. ఢాకా ప్రేక్షకులు నాట్యశాస్త్రం చదివి వీథిలోకి రాలేదు. కాని వారు కోరినది ఆ పాత ఒడంబడికనే.

ఇంకొక మాట. మన సంప్రదాయంలో ఆదికవి నోట వెడలిన మొదటి శ్లోకమే ఒక మరణాన్ని గూర్చిన అభియోగం. ఆ కావ్యంలోనే, చెట్టుచాటు నుండి వచ్చిన బాణంతో కూలిన వాలి, చంపినవానిని నిలదీసి కారణమడుగుతాడు. రాముడు సమాధానం చెబుతాడు. కిష్కింధలో వాలి సమాధానపడతాడు. కావ్యం చదివినవారు మాత్రం నేటికీ పూర్తిగా సమాధానపడలేదు. వ్యాఖ్యాతలు ధర్మసూక్ష్మాలు వెదకినారు, హరికథకులు తమ తమ తీర్పులు చెప్పినారు, అరుగుల మీద కూర్చున్న ముసలివారు వాదించుకొన్నారు. పాత్రల చావులను, చంపినవారి ఉద్దేశాలను విచారించడం టెలివిజన్ తెచ్చిన జబ్బు అనేవారు ఈ వాలివధను ఒకసారి తలచుకొనవలెను.

అయితే అభినవగుప్తుని ఆక్షేపణకు జవాబు చెప్పక తప్పదు. స్వకీయమైన సుఖదుఃఖాలలో మునిగిపోవడం రసానుభవానికి విఘ్నమని ఆయన అన్నాడు. ఇది నా మిత్రునిది, ఇది నా శత్రువుది అన్న భావం తొలగినప్పుడే సాధారణీకరణం సిద్ధిస్తుంది. ఆ లెక్కన ప్లకార్డు పట్టుకొన్నవాడు సహృదయుడు కానే కాడు. కాని అభినవగుప్తుడు ఎరిగిన నాటకం ఒక కూర్చుండులో ముగిసేది, లేదా అంతం ఎట్టిదో ముందే తెలిసినది. ధారావాహిక అట్టిది కాదు. భాగానికీ భాగానికీ నడుమ రోజులు గడుస్తాయి. ఆ రోజులలో ప్రేక్షకుడు కార్యాలయానికి పోతాడు, బజారు చేస్తాడు, పొరుగువానితో బాకేర్ సంగతి మాట్లాడతాడు. పాత్ర అతని కాలంలోనే వయస్సు మీరుతుంది. పైగా ముగింపు ఇంకా ప్రసారం కాలేదు. మారడానికి వీలున్నదని అతనికి తోస్తుంది. 1893లో షెర్లాక్ హోమ్స్ జలపాతంలో పడిపోయినప్పుడు ఇంగ్లండు పాఠకులు ఊరకుండక, పది సంవత్సరాలకు కోనన్ డాయిల్ చేత అతనిని బ్రతికింపజేసుకొనడం పత్రికలో వెలువడే ధారావాహిక రచనకు ఉన్న ఈ లక్షణం వల్లనే.

ఢాకాలో మరొక కారణం కూడా పనిచేసిందని నా నమ్మకం. 1990 డిసెంబరులో ఎర్షాద్ పాలనను ఆ దేశప్రజలు వీథిపోరాటంతో దింపివేశారు. ఊరేగింపు వారికి కొత్తది కాదు. అధికారంలో ఉన్నవానితో మాట్లాడడానికి వారికి తెలిసిన భాష అది. అదే భాషలో వారు రచయితతో మాట్లాడారు. ఆనాడు ఆ దేశంలో స్వదేశీయమైన ప్రైవేటు వాహిని ఒక్కటీ లేదు. ఊరంతా ఒకే తెర చూచేది. ప్రభుత్వం నడిపే ఆ తెర మీద ఒక న్యాయస్థానం నిరపరాధికి ఉరి వేస్తున్నది! ఇటువంటి చోట ‘ఇది కథ మాత్రమే’ అని ఎవరు అనగలరు? ఇదే రచయిత ఇంతకు ముందటి ‘బహుబ్రీహి’లో మనుష్యులు బాహాటంగా అనలేని ‘రజాకార్’ అన్న తిట్టును ఒక చిలుక చేత పలికించాడు. ఆ ప్రేక్షకులు కల్పన వెనుకనున్న దానిని వినగల చెవి ఉన్నవారు.

పాత్రల ఉద్దేశాన్ని వెదకే అన్ని విచారణలూ ఒక్క కోవలోనివే అనుకొనరాదు. మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉన్నది. 2015 జులైలో ‘బాహుబలి’ మొదటిభాగం, కట్టప్ప తన ప్రభువును వెన్నులో పొడిచిన దృశ్యంతో ఆగిపోయింది. 2017 ఏప్రిల్ వరకు దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న ఎంతో చలాకీగా, హాస్యంగా, కొన్నిచోట్ల బుద్ధికుశలతతో సాగింది. రెండవభాగం వచ్చి, సింహాసనానికి దాసుడైనవాడు శివగామి ఆజ్ఞను కాదనలేకపోయాడని చెప్పగానే ప్రశ్న చల్లారింది. ఎందుకు? అక్కడ ఉన్నది దాచిపెట్టిన సమాచారం. మూత తీయగానే కుతూహలం తీరింది. నిజానికి రచయితల జవాబులో ఆలోచించదగిన విషయం చాలానే ఉన్నది: తల్లి చేయి రక్తసిక్తం కాకుండా తానే ఆ పాపం మోసిన దాసుని ధర్మసంకటం సామాన్యమైనది కాదు. కాని రెండు సంవత్సరాలు ‘ఎందుకు’ అని అడిగినవారు ఆ ధర్మసంకటం దగ్గర రెండు రోజులైనా నిలువలేదు. బాకేర్ కథలో దాచిపెట్టినది ఏమీ లేదు. హంతకుడు కాడని తెలుసు, బది అబద్ధమాడినాడని తెలుసు, ఎందుకాడినాడో కూడా తెలుసు. ముప్పది ఏండ్లు దాటినా అక్కడివారు ఆ మరణాన్ని మరువలేదు. నూర్ 2014లో ఆ దేశపు సాంస్కృతిక శాఖకు మంత్రి అయినప్పటికీ, జనానికి ఆయన బాకేర్ భాయియే.

ప్రేక్షకుని మాట విని చావును రద్దు చేసినవారి సంగతి కూడా చూడాలి. ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ అనే హిందీ ధారావాహికలో 2001లో మిహిర్ మరణించగా ప్రేక్షకులు గగ్గోలు పెట్టారు. నిర్మాతలు అతనిని స్మృతి కోల్పోయినవానిగా తిరిగి తెచ్చారు. తరువాత ఆ మిహిర్ మరి ఇద్దరు నటుల దేహాలలో సంచరించాడు. పరకాయప్రవేశమన్నది ఇంత సులభంగా మన పురాణాలలో సైతం జరుగలేదు. విజయం ప్రేక్షకునిదే అని అందరూ అన్నారు. అయితే ఆనాటి నుండి టెలివిజన్‌లో ఎవరు చచ్చినా చూచేవాడు ఏడవడం మాని, ఎన్నాళ్ళకు తిరిగివస్తాడో లెక్క వేయడం మొదలుపెట్టాడు. దుఃఖపడే హక్కును ఇచ్చి బొమ్మను తెచ్చుకొన్నట్లయింది. హుమాయూన్ అహమద్ 1985 నాటి ‘ఏయి శబ్ దిన్ రాత్రి’లోనే ఈ పరీక్షకు నిలిచినవాడు. అందులో టుని అనే పసిపిల్లకు క్యాన్సరు సోకింది, పిల్లను బ్రతికించమని ఎందరో కోరారు, టుని బ్రతుకలేదు. ఇది కాఠిన్యం అనేవారితో నేను ఏకీభవించను. వ్యాధి ప్రార్థన వింటుందని ఒక రచయిత నటించి ఉంటే, నిజంగా బిడ్డను కోల్పోయిన తల్లి ఆ తెర ముందు ఎట్లా కూర్చోగలదు?

రచయిత పట్టుదల అంతటా గౌరవార్హమే అని కూడా నేననను. పాకిస్తానులో 2019 ఆగస్టు నుండి 2020 జనవరి వరకు ప్రసారమైన ‘మేరే పాస్ తుమ్ హో’ ధారావాహిక చివరి భాగాన్ని సినిమాశాలలలో కూడా ప్రదర్శించారు, జనాదరణ అంతటిది. భర్త దానిష్‌ను విడిచి ధనవంతుని వెంట పోయిన మెహ్‌విష్ పశ్చాత్తాపంతో తిరిగి వస్తుంది. ఆమె ఎదుటనే దానిష్ గుండె ఆగి చనిపోతాడు. అతడు ఎందుకు చనిపోయాడని ప్రేక్షకులు విస్తారంగా చర్చించారు. క్షమించలేకనా, క్షమిస్తానేమో అన్న భయం చేతనా అని. నా దృష్టిలో కారణం దానిష్‌లో దొరకదు. రచయిత ఖలీలుర్ రహ్మాన్ కమర్‌కు ఆ స్త్రీకి తిరిగిరాని శిక్ష వేయవలసి ఉన్నది. దానిష్ దేహం ఆ శిక్షకు ఉపకరణమైనది. పాత్రలో కారణం లేనప్పుడు రచయిత ఉద్దేశాన్ని ప్రశ్నించడం ప్రేక్షకుని హక్కు. బదిని గూర్చి అడుగవలసిన ప్రశ్న వేరు, ఖలీలుర్ రహ్మాన్‌ను అడుగవలసిన ప్రశ్న వేరు. ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే నేటి అభిమానుల విశ్లేషణలు చాలావరకు పోలీసు దర్యాప్తువలె ఎవరు, ఎప్పుడు, ఏ ఆయుధంతో అన్నచోట ఆగిపోతున్నాయి.

ఢాకా అభియోగానికి వద్దాం. ఊరేగింపులో నడచినవారు కుక్కలావిడను జవాబు అడిగారు, బదిని ద్రోహి అన్నారు, రచయితను క్షమాభిక్ష వేడుకొన్నారు. రాష్ట్రపతి వద్ద ఉండే అధికారం రచయిత చేతిలో ఉన్నదని వారు గుర్తించడంలో తప్పులేదు. బది విషయంలో మాత్రం వారు తొందరపడ్డారనిపిస్తుంది. అబ్దుల్ కాదిర్ ఆ పాత్రను దుర్మార్గునిగా నటించలేదు. నిన్నటిదాకా పక్కన నవ్వినవాడు, భయపడ్డాడు, అంతే. ప్రతి పేటలోనూ బాకేర్ ఒక్కడుంటే బదులు పదిమంది ఉంటారు. ఊరేగింపులోనూ ఉండి ఉంటారు.

ఇంతటి కోలాహలంలో మునాను గూర్చి అడిగినవారు తక్కువ. తెల్లవారుజామున జైలు ద్వారం దగ్గర బాకేర్ శవాన్ని స్వీకరించడానికి వచ్చినది ఆమె ఒక్కతే. రక్తసంబంధం లేదు, పెళ్ళి లేదు, ఏమవుతావని అడిగితే చెప్పడానికి ఒక మాట లేదు. ఆమె మోసిన ఇల్లు అప్పటికే ఒక్కొక్కరుగా ఖాళీ అయిపోయింది. నాటకం పేరును ‘ఎక్కడా ఎవరూ లేరు’ అని తెనిగించవచ్చు. ఆ వాక్యం ఉరికంబమెక్కినవానికి వర్తించదు. అతనికై దేశమంతా వీథిలో ఉన్నది.